కొండలకేసి తిరిగిన కాగితపు బుడగ

అవి మన్యం కొండల్లో తెల్లదొరల మీద పితూరీ, అదే తిరుగుబాటు, నడుస్తున్న రోజులు. నేనూ, మా అక్క భర్త అయిన మా బావా నర్సీపట్నం బళ్లో సైన్సు మేష్టర్లం. పొద్దుటిపూట వంటిళ్ల పొగ తూర్పుకు పోయేది. అదే వేళ పైన మబ్బులు పడమట కొండలకేసి పోయేవి. కింద గాలి ఎక్కడ ఆగి పై గాలి ఎక్కడ మొదలవుతుందో కనిపెట్టాలని ఇద్దరికీ ఒకటే పిచ్చి.

ఎర్ర కాగితాలు అతికించి పెద్ద బుడగ చేశాం. బలిఘట్టం దారిలో, గడ్డిమంట మీద పట్టుకుని వేడిపొగ నిండగానే వదిలాం.

"ముందు తూర్పుకెళ్లి, తర్వాత కొండలకేసి తిరుగుతుంది, చూడు బావా!" అన్నాను.

అలాగే తూర్పుకు పోయింది. మబ్బు అంచు దగ్గర ఒక్క క్షణం ఆగి, తిరిగింది! సంబరంగా పక్కకు చూస్తే బావ ఆకాశంకేసి చూడటం లేదు. మా వైపే వస్తున్న పోలీసుల్ని చూస్తున్నాడు.

"కొండల్లో వాళ్లకి సైగలు పంపుతున్నదెవర్రా?" అని గద్దించాడు కొత్తగా వచ్చిన ఇనస్పెక్టరు.

"నాకేటీ తెలీదు బాబూ, దారినెల్తూ ఆగాను," అన్నాడు బావ. అంతటితో ఊరుకున్నా బాగుండేది. "అది కొండలకేసే ఎల్తాదని ఈ మేష్టారు ముందే సెప్పారండి."

ఆ మాట చాలింది. బేడీలు వేసి నన్ను బజారంతా నడిపించారు. హెడ్మాస్టరుగారు వచ్చి విడిపించేదాకా స్టేషన్లోనే కూర్చున్నాను.

ఇంటికొస్తే బావ నన్ను పెరట్లోకి పిలిచాడు. క్షమించమంటాడనుకున్నాను.

"ఇంతకీ ఎంత ఎత్తులో తిరిగిందిరా? నేను సూడనేదు," అన్నాడు.

ఎక్కడ తిరిగిందో నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ఆయనకు మాత్రం ఈనాటికీ చెప్పలేదు, చెప్పను కూడా.