టీచరమ్మ అడిగించిన మాట

టీచరమ్మ పోయారని మొన్న రాజోలు నుంచి ఫోను వచ్చింది. అప్పటినుంచి ఏ పనిమీదా మనసు నిలవడం లేదు. ఆవిడ గురించి మీకు చెబితే కాస్త కుదుటపడతానేమో.

ఎనభైల మొదట్లో నేను కువైట్‌లో, సల్వాలోని ఒక ఇంట్లో పనిచేసేదాన్ని. శుక్రవారం మధ్యాహ్నాలు మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, నన్ను ప్రార్థనకు పంపేది. ఫహాహీల్‌లో ఒక ఫ్లాట్‌లో మా గోదావరివాళ్ళం ఇరవైమందిమి చేరేవాళ్ళం. అక్కడ బైబిలు వాక్యం చెప్పే టీచరమ్మ మిగతా రోజుల్లో ఆడవాళ్ళ బట్టలు కుట్టేవారు. ఎవరి చొక్కాకు గుండీ ఊడినా దగ్గరకు పిలిచి, పాఠం ఆపకుండానే కుట్టేసేవారు.

ఆ యేడు మా అన్నయ్య ఉత్తరాలమీదే నాకు ప్రధానం కుదిర్చాడు. నిశ్చితార్థాన్ని మేం అలాగే అంటాం. అబ్బాయి అమ్ఘరాలో పాత ఇనుము యార్డులో పనిచేసేవాడు. ఉంగరం ఎవరిచేతో పంపాడు. దాన్ని వేలికి పెట్టేదాన్ని, తీసేదాన్ని.

ఒక శుక్రవారం టీచరమ్మ పూర్వకాలపు యూదుల పెళ్ళి గురించి చెప్పారు. ప్రధానం అయితే చాలు, ఆమె అతని భార్య కిందే లెక్కట. అబ్బాయి తండ్రి ఇంట్లో గది సిద్ధం చేసుకుని, యేడాదికి వచ్చి ఊరేగింపుగా తీసుకెళ్ళేదాకా ఆమె పుట్టింట్లోనే ఉండేదట. ప్రధానానికి ముందే అతను ద్రాక్షరసం గిన్నె ఆమె ముందు పెట్టేవాడట. తాగితేనే ఒప్పుకున్నట్టు.

"మరి నిన్నెవరన్నా అడిగారా అమ్మాయ్?" అన్నారు, అందరిముందూ.

"లేదండి" అన్నాను, తలెత్తకుండా.

మరుసటి వారం ఆ అబ్బాయిని పిలిపించారు. కొట్లో కొన్న ద్రాక్షరసం గాజుగ్లాసులో పోసి అతని చేతికిచ్చారు. "నువ్వే అడుగు నాయనా."

అతను గ్లాసు నా ముందు పెట్టాడు. "మీకిష్టమేనాండి?" అన్నాడు. మంచివాడే. వంక పెట్టడానికేం లేదు. అయినా నా చెయ్యి లేవలేదు.

"లేదండి" అన్నాను.

గదిలో గొణుగుడు మొదలైంది. "ఆడపిల్లకి లేనిపోనివి నేర్పుతున్నారు" అంటూ ఒక పెద్దాయన లేచిపోయాడు. టీచరమ్మ కాగితం, కలం తెచ్చారు.

"ఆ యూదుల్లో ప్రధానం విడిపోవాలన్నా పత్రం రాసివ్వాల్సిందే. నోటిమాటతో వదిలేస్తే నింద పిల్లమీదకొస్తుంది" అన్నారు.

ఇద్దరిలో ఎవరి తప్పూ లేదని అతను రాసి సంతకం పెట్టాడు. గుండ్రటి, అందమైన దస్తూరి. పొరపాటు చేశానేమోనని ఆ అక్షరాలు నన్ను చాలాకాలం పీడించాయి.

తర్వాత గుంపులో సగంమంది రావడం మానేశారు. ఆవిడకు కుట్టుపని తగ్గింది. అన్నయ్య యేడాదిపాటు ఉత్తరం రాయలేదు. "నావల్లే కదండీ ఇదంతా" అంటే, "అడిగించడం వరకే నా పని. చెప్పింది నువ్వు. చెప్పాక వెనక్కి చూడకు" అనేవారు. నాలుగేళ్ళకు నన్నడిగి చేసుకున్న మనిషితో నా కాపురం బాగానే సాగింది. అయినా అప్పుడప్పుడూ వెనక్కి చూస్తూనే ఉన్నాను.

కాగితం రాసిన ఆ సాయంత్రం ఆవిడ నన్ను బస్సెక్కించడానికి సముద్రం రోడ్డు దాకా వచ్చారు. బస్సు కదిలాక ఏదో గుర్తొచ్చినట్టు పరుగెత్తుకొచ్చి కిటికీ అద్దం తట్టారు. దుమ్ముగాలికి కొంగు ఎగిరిపోతోంది. పెదవులు కదలడం కనబడింది గానీ మాట వినబడలేదు. ఏమన్నారో అడగాలనుకుంటూనే ఇన్నేళ్ళూ గడిపేశాను. అద్దంమీది దుమ్ములో ఆవిడ అరచేతి గుర్తు సల్వా దాకా నాతో వచ్చింది.