ఇస్త్రీ బాబాయ్ ఇంగ్లీషు పరీక్ష

ఆ హోటల్లో ఇస్త్రీ బాబాయ్ తెలియనివాళ్లు లేరు; ఆయన గురించి తెలిసినవాళ్లూ లేరు. నేల కింది గదిలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా దుప్పట్లు, చొక్కాలు, ఆవిరి. మెట్లు దిగి ఎవరైనా వచ్చినా, మూట అక్కడ పడేసి "బాబాయ్, అర్జెంటు!" అని తిరిగి ఎక్కేసేవాళ్లే. భార్య పోయాక ఇంట్లోనూ అంతే. తాళం తీస్తే, పొద్దున పెట్టిన గ్లాసు పెట్టినచోటే ఉంటుంది. చెల్లెలు వేరే ఊళ్లో ఉంది గానీ, ఆమె సంసారం ఆమెది.

ఉన్నట్టుండి మేనేజరుకు ఏం బుద్ధి పుట్టిందో, పనివాళ్లందరికీ ఇంగ్లీషు రావాలన్నాడు. చొక్కాలతో ఇంగ్లీషులో ఏం మాట్లాడాలో దేవుడికే ఎరుక. డ్యూటీ దిగాక భోజనాల హాల్లో క్లాసు పెట్టించాడు. మాట్లాడే పరీక్ష పాసైతే ఇక రానక్కర్లేదు. ఫెయిలైతే మళ్లీ కూర్చోవాలి. అందరూ తిట్టుకుంటూ వచ్చారు. మొదటిరోజు బాబాయ్ కూడా తిట్టుకుంటూనే వచ్చాడు.

టీచరమ్మ చిన్నపిల్ల. బోర్డు మీద ఆల్వేస్, యూజువల్లీ, సమ్‌టైమ్స్, నెవర్ అని రాసింది.

"మన 'ఎప్పుడూ' ఎక్కడ పెట్టినా సర్దుకుపోతుంది. 'నేనెప్పుడూ టీ తాగుతా' అన్నా, 'టీ తాగుతా నేనెప్పుడూ' అన్నా ఎవరూ కొట్టరు. ఇంగ్లీషులో అలా కుదరదు. పని చెప్పే మాటకి ముందు పెట్టాలి. యామ్, ఈజ్ లాంటివి ఉంటే వాటి తర్వాత పెట్టాలి."

ఇది బాబాయికి ఇట్టే ఎక్కింది. చొక్కాకైనా ముందు కాలరు, తర్వాతే ఒళ్లు. వరస తప్పితే మడతలు పడతాయి. ఆపైన ఆమె ఒక్కొక్కరినీ అడగడం మొదలుపెట్టింది. పొద్దున్నే ఏం తాగుతారు? పనికి నడిచి వస్తారా? ఆదివారం ఎక్కడికి వెళతారు? తన వంతు వచ్చేసరికి బాబాయ్ చొక్కా సర్దుకుని నిలబడ్డాడు. ఆయన్ని ఎవరైనా ఇలాంటివి అడిగి ఎన్నాళ్లయిందో! పాఠం కోసమే అయితేనేం, అడిగింది కదా.

అందుకే మొదటి పరీక్షలో కావాలనే "ఐ డ్రింక్ ఆల్వేస్ టీ" అన్నాడు. ఫెయిల్. రెండోసారి "ఐ ఆల్వేస్ యామ్ హ్యాపీ" అన్నాడు. అదీ ఫెయిలే. గేటు దగ్గరి సెక్యూరిటీ, వంటావిడ, గదులు సర్దే ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు గట్టెక్కి వెళ్లిపోయారు.

"మొద్దు పిల్లాడిలా ఇదేంటి బాబాయ్!" అని వంటావిడ ఆటపట్టించింది. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఇంట్లో గోడలకు మాత్రం పాఠమంతా పొల్లుపోకుండా అప్పజెప్పేవాడు.

చివరికి హాల్లో ఆయన, టీచరమ్మ మిగిలారు.

"ఈసారి ఎలాగైనా గట్టెక్కేద్దాం బాబాయ్," అంది ఆమె.

బాబాయ్ తప్పులన్నీ ముందే సిద్ధం చేసుకుని వచ్చాడు. టీ గురించి అడిగితే తప్పు చెప్పాడు. నడక గురించి అడిగినా తప్పే చెప్పాడు. పాపం, ఆ పిల్ల మొహం చిన్నబోయింది. ఎప్పుడూ అడగని ప్రశ్న ఒకటి వేసింది: సాయంత్రం ఇంటికెళ్లాక భోజనం ఎవరితో చేస్తారు?

దానికి ఆయన దగ్గర తప్పు సిద్ధంగా లేదు.

"ఐ ఆల్వేస్ ఈట్ అలోన్," అన్నాడు. ఇక ఆపుకోలేకపోయాడు. "ఐ యామ్ ఆల్వేస్ అలోన్, టీచర్. నోబడీ ఎవర్ కమ్స్."

భార్య పోయాక ఆ మాట ఆయన ఎవరి దగ్గరా అనలేదు, తోడబుట్టిన చెల్లెలితో కూడా. ఆమె ఏమంటుందోనని తలెత్తి చూశాడు.

టీచరమ్మ కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టింది.

"అబ్బ! ఎక్కడ పడాల్సిన మాట అక్కడ ఎంత చక్కగా పడిందో! మూడూ కరెక్టే బాబాయ్! పాసైపోయారు. రేపట్నుంచి హాయిగా ఇంటికెళ్లిపోవచ్చు."

"చాలా సంతోషం అమ్మా," అన్నాడు ఇస్త్రీ బాబాయ్. ఆ పిల్ల అంత మురిసిపోతుంటే కాదనలేక తనూ నవ్వాడు.