కార్వార్ నుంచి తెచ్చిన కేక

పంతొమ్మిది వందల డెబ్బై ఏడు నవంబరులో నన్ను సముద్రం ఒడ్డునున్న కార్వార్‌లో జరిగే రెండు రోజుల కరాటే శిక్షణ శిబిరానికి పంపారు. అప్పుడు నేను కన్నడ సీమలోని మాన్వి తాలూకాలో, మల్లట్‌కు దగ్గరలోని ఒక ప్రభుత్వ హైస్కూలులో శారీరక విద్యా ఉపాధ్యాయుణ్ణి. కాగితం మీద హోదా అది. పిల్లలకూ ఊరివాళ్ళకూ మాత్రం నిజాం కాలం నుంచి వస్తున్న మాట ప్రకారం డ్రిల్ మాస్టర్ని. జిల్లాలో ఉన్న డ్రిల్ మాస్టర్లందరిలోకీ చురుకైనవాణ్ణి గనుక నన్ను ఏరి పంపారని చాలాకాలం చెప్పుకున్నాను. అసలు సంగతేమిటంటే, ఆ శనివారం మా తాలూకాలో మిగతా మాస్టర్లందరూ ఖోఖో పోటీలకు అంపైర్లుగా ఒప్పుకుని ఉన్నారు. ఖాళీగా దొరికింది నేనొక్కణ్ణే.

ఇలాంటి ప్రయాణాన్ని మా శాఖలో ఓ.ఓ.డి. అనేవారు. ఉద్యోగి బడిలో లేకపోయినా పనిలో ఉన్నట్టే లెక్క అని దాని అర్థం. హెడ్మాస్టరు విడుదల ఉత్తర్వు ఇస్తారు, శిబిరంవారు హాజరు పత్రం ఇస్తారు, తిరిగొచ్చి విధుల్లో చేరినట్టు రాసివ్వాలి, నేర్చుకున్నదాన్ని పిల్లలకు నేర్పాలి. ఈ చివరిది మామూలుగా ఎవరూ అడగరు. నన్ను మాత్రం అడిగారు. దానికో కారణం ఉంది.

తుంగభద్ర కాలువ వచ్చాక కోస్తా జిల్లాల నుంచి వచ్చి వరి వేసిన రైతులు పొలాల మధ్యే ఇళ్ళు కట్టుకున్నారు. ఆ ఊళ్ళను క్యాంపులంటారు. మా బడికి రెండు మైళ్ళ దూరంలో ఉన్న క్యాంపు నుంచి తొమ్మిది మంది ఆడపిల్లలు కాలువ గట్టు మీదుగా నడిచి వచ్చేవారు. ఆ ఏడాది వంతెన దగ్గర కొందరు కుర్రాళ్ళు సైకిళ్ళు అడ్డం పెట్టి, పుస్తకాల సంచులు లాగి ఏడిపించడం మొదలుపెట్టారు. హెడ్మాస్టరు వెళ్ళి మందలించినప్పుడల్లా సైకిళ్ళు పక్కకు జరిగేవి, ఆయన వెనక్కి తిరగగానే మళ్ళీ అడ్డం పడేవి.

క్యాంపులో పెద్దమనిషి వెంకటరత్నం గారు. గోదావరి పక్క నుంచి వచ్చిన రైతు. ఆయన కూతురు పద్మావతి మా బడిలో తొమ్మిదో తరగతి. లెక్కల్లో దాన్ని మించినవాళ్ళు లేరు. నేను కార్వార్ బయలుదేరే ముందురోజు ఆయన బడికి వచ్చారు.

"ఏవండీ మేస్టారూ, రెండ్రోజులు ఇసకలో దొర్లొచ్చి మా పిల్లల్ని పయిల్మాన్లని చేసేత్తారా ఏంటి?"

నేను ఇక్కడి పల్లె యాపలదిన్నివాణ్ణి. నా యాస నాకుంది. "జర సబర్ చేయుండ్రి సార్. నేను వొచ్చినంక చూడుండ్రి" అని, కాస్త ఓపిక పట్టమన్నాను.

"చూత్తానండి. కోతలయ్యేదాకా చూత్తాను. అప్పటికీ ఇదే వరసయితే తొమ్మండుగుర్నీ మానిపించేత్తాం. దాని చదువాగిపోతే నాకు మాత్రం బాధ కాదేంటండి? కానీ పరువు పోతే మళ్ళీ ఏ ఊరెళ్తాం? ఓసారి ఊరొదిలి వచ్చేసినోళ్ళం."



హుబ్బళ్ళి మీదుగా బస్సుల్లో వెళ్ళి శనివారం తెల్లవారేసరికి కార్వార్‌లో దిగాను. నలభై దాటిన మనిషిని, అప్పటిదాకా నేను చూసిన పెద్ద నీళ్ళు కృష్ణ, తుంగభద్ర. సముద్రాన్ని చూసి భయపడలేదని రాద్దామనుకున్నాను, కానీ చెప్పులు చేతిలో పట్టుకుని చాలా దూరంలోనే నిలబడిపోయిన మాట నాకు గుర్తుంది.

శిబిరంలో మాస్టర్లు, కొందరు పోలీసు కానిస్టేబుళ్ళు, కాలేజీ కుర్రాళ్ళు ఉన్నారు. నేర్పేది నాగేశ్ అనే యువకుడు. చేపలు పట్టేవాళ్ళ ఇంట పుట్టి, బొంబాయిలో పనిచేస్తూ కరాటే నేర్చుకుని, నల్లబెల్టు సంపాదించి వచ్చాడు. ఈ విద్యలో హోదా అంతా నడుముకు కట్టిన బెల్టు రంగులో ఉంటుంది. తెల్లది చేరినవాడిది, గోధుమరంగుది పండబోతున్నవాడిది, నల్లది పండినవాడిది. నాకు బెల్టే లేదు. నా తెల్లపైజామాకు బొందు మాత్రం ఉంది. వయసులో నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడి ముందు వంగి నమస్కరించి మొదలుపెట్టాను.

మొదటి పాఠం నిలబడటం. గుర్రమెక్కినట్టు మోకాళ్ళు వంచి, నడుము నిటారుగా పెట్టి నిలబడాలి. అది కూడా మోకాలిలోతు నీళ్ళలో. అతను జపాను భాషలో అంకెలు చెబుతుంటే అంకెకో గుద్దు గాలిలోకి విసరాలి. మూడో అంకెకు నా పైజామా కుట్లు విడిపోయాయి. నాలుగో అంకెకు అల వచ్చి నన్ను కూర్చోబెట్టింది. పక్కనున్న కానిస్టేబులు లేవదీస్తూ, "ఏం మాస్టర్, ఆ గుర్రం మీ మాట వినట్లేదా?" అని దక్కనీ ఉర్దూలో అడిగాడు. రెండు రోజులూ నన్ను అతను గుర్రం మాస్టర్ అనే పిలిచాడు.

తిరిగొచ్చాక నేను ప్రార్థన సమయంలో పిల్లలకు చెప్పింది వేరు. ఒక్క చేతి దెబ్బతో మూడు మంగళూరు పెంకులు విరిచానన్నాను. పెంకు విరిగింది, అది అబద్ధం కాదు. అయితే ఒకటే విరిగింది, అదీ నాగేశ్ ప్రదర్శన కోసం పేర్చి పెడితే నేను చూడకుండా కాలు వేయడంవల్ల.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నాగేశ్ దగ్గరకు వెళ్ళి కన్నడంలో నా అవసరం చెప్పాను. వంతెన, సైకిళ్ళు, తొమ్మిది మంది పిల్లలు, కోతలయ్యేదాకా గడువు. పిల్లలకు పనికొచ్చే నాలుగు గట్టి దెబ్బలు చూపించమన్నాను. "బిడ్రి సార్" అన్నాడు. వదిలేయండి అని. రెండు రోజుల్లో తాను నాకు కొట్టడం నేర్పలేడట, వచ్చీరాని దెబ్బ నేను పిల్లలకు నేర్పితే దెబ్బలు తినేది పిల్లలేనట. ఆ కుర్రాళ్ళు ఎదురైతే మీ పిల్లలు ఏం చేస్తారని అడిగాడు. తలవంచుకుని గబగబా నడుస్తారని చెప్పాను. అయితే తల ఎత్తి, చేతికి అందనంత ఎడంలో ఆగడం, పొట్టలోంచి అరవడం, ఈ రెండే నేర్పండి అన్నాడు. మిగిలిన సాయంత్రమంతా నన్ను ఒక్కణ్ణే పక్కకు తీసుకెళ్ళి ఆ రెండే చేయించాడు. అతని తోటివాళ్ళు వలలు లాగడానికి రమ్మని రెండుసార్లు పిలిచినా వెళ్ళలేదు. చివరి అరగంట అంకెలు చెప్పడం కూడా మానేశాడు. మరచిపోయాడనుకున్నాను.

మరి నేను తిరిగొచ్చి ఏం చేశాను? అరుపులు నేర్పడానికి కార్వార్‌దాకా వెళ్ళాలా అంటారని భయపడ్డాను. గుద్దులు, అడ్డుకోవడాలు, గుర్రపు భంగిమ, నీళ్ళలో నాకు రానివన్నీ గట్టినేల మీద ఆ తొమ్మిది మందికీ నేర్పాను. ఎలా నేర్పాను? డ్రిల్ మాస్టరుకు తెలిసిన పద్ధతిలో. వరుసగా నిలబెట్టి, ఈల వేసి. ఒక ఈలకు గుద్దు, రెండు ఈలలకు అడ్డు. పది రోజులకు తొమ్మిది మందీ ఒకే మనిషిలా కదిలేవారు. హెడ్మాస్టరు ఎంతో సంతోషించి వెంకటరత్నం గారిని చూడటానికి పిలిపించారు.

ఆయన కాసేపు చూశారు. పైపంచె భుజాన వేసుకుని తిన్నగా వరుసలోకి నడిచి, పద్మావతి భుజానికున్న పుస్తకాల సంచి పట్టుకుని లాగారు. పద్మావతి గుర్రపు భంగిమలో నిలబడి నా వంక చూసింది. మిగతా ఎనిమిది మందీ నా వంకే చూశారు. సంచి ఆయన చేతిలోకి వెళ్ళిపోయింది.

"ఏం చూత్తన్నావే?" అన్నారాయన.

"మేస్టారు ఈలెయ్యలేదు నాన్నా."

మైదానమంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. "వంతెన కాడికి రోజూ ఈలట్టుకుని మీరొత్తారా మేస్టారూ?" అని సంచి కూతురికిచ్చి, "కోతలవడానికింకో రెండు వారాలుందండి" అని వెళ్ళిపోయారు.

నాగేశ్ అంకెలు చెప్పడం ఎందుకు మానాడో నాకు అప్పుడు తెలిసింది. మా వృత్తిలో ఈల మాస్టరు సౌకర్యం కోసం. వందమంది ఒకేసారి కదలాలంటే అది తప్పదు. కానీ ఆపద వచ్చినప్పుడు ఎవరూ ఈల వేయరు. మర్నాటి నుంచి ఈల ఆఫీసు గదిలో పెట్టి, గుద్దులన్నీ మాన్పించి, నాగేశ్ చెప్పిన రెండే మొదలుపెట్టాను.

ఎడంగా ఆగడం తొందరగానే వచ్చింది. కేకే రాలేదు. క్యాంపు పిల్లలకు ఇంట్లో నేర్పింది వేరు. ఆడపిల్ల గొంతు వీధి అరుగుదాకా వినిపించకూడదని. అరవమంటే మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని కిలకిల నవ్వేవాళ్ళు. ఆ తొమ్మిది మందిలో ఒక్క హులిగెమ్మ మాత్రం ఇక్కడి పిల్ల. ఇడపనూరు నుంచి కూలికి వచ్చి క్యాంపు పక్కన గుడిసె వేసుకున్నవాళ్ళ కూతురు. పొద్దున్నే జొన్నచేను మంచె మీద పిట్టలు తోలి, ఆ తర్వాత బడికి వచ్చేది. మూడోరోజుకు దానికి విసుగొచ్చింది.

"గిట్ల ఒర్రితే పిట్ట గూడ లేవది సార్."

"అయితే నువ్వు ఒర్రు, చూస్త" అన్నాను.

అది కాళ్ళు ఎడం చేసి నిలబడి ఒక్క కేక వేసింది. ఆఫీసు గదిలో హెడ్మాస్టరు టీ కప్పు జారి ముక్కలైందని నేను చెబుతుంటాను. కప్పు పగల్లేదు గానీ ఆయన కిటికీలోంచి తల బయట పెట్టి చూశారు. నాగేశ్ ఆదివారం సాయంత్రమంతా నాకు చూపించిన కేక అదే. పొట్టలోంచి వచ్చేది. దాని పేరు అతనికి జపాను భాషలో తెలుసు, హులిగెమ్మకు అసలు పేరే అక్కర్లేదు.

ఆ తర్వాత పాఠం జొన్నచేను పక్కన జరిగింది. పిట్టలు లేచేదాకా అరవాలని నియమం పెట్టాను. పద్మావతే అందరికంటే వెనక. "నోరు తెరిస్తే నవ్వొచ్చేత్తందండీ" అనేది. "నవ్వుకుంటనే ఒర్రవే, పిట్టకేం దెలుస్తది" అనేది హులిగెమ్మ. వారం చివర్లో ఒక రోజు పద్మావతి అరుపుకు నాలుగు పిట్టలు లేచాయి. గాలికి లేచాయేమో, నేను విచారించలేదు.

కోతలు సగం అయిన రోజుల్లో, ఒక ఉదయం తొమ్మిది మందీ రొప్పుతూ బడికి వచ్చారు. ఏమైందని అడిగితే హులిగెమ్మే చెప్పింది.

"ఏంగాలె సార్. వాడు సైకిల్ అడ్డం పెట్టిండు. పద్మావతి తల పైకెత్తి, చెయ్యందకుండ దూరంల నిలవడ్డది. వాడు సంచి మీదికి చెయ్యి చాపిండు. ఇగ జూడు సార్, అది ఒర్రింది. మేమందరం ఒర్రినం. వరి కోయనీకి వొంగినోళ్ళు ఉన్నరు గద, రెండు దిక్కుల మళ్ళల్ల అందరు కొడవండ్లతోని లేశి నిలవడ్డరు. వాడు సైకిల్ తీస్కపోయిండు."

ఆ కుర్రాళ్ళు సైకిళ్ళతో సహా కాలువలో దూకారని నా మనవళ్ళకు చెప్పాను. ఎవరూ దూకలేదు. ఒకడు సైకిలు పక్కకు తీశాడు, అంతే. ఆ తర్వాత వాళ్ళు వంతెన మీద కనిపించడం తగ్గింది, కొన్నాళ్ళకు మానింది.

మధ్యాహ్నం వెంకటరత్నం గారు బడికి వచ్చారు. కాళ్ళకు బురద ఉంది, కొడవలి నడుమున ఉంది. కోతలో ఆయనా ఉన్నారు. బల్ల మీద కూర్చుని, "ఎవరి పిల్లోనని లేచి చూశానండి" అన్నారు. "మా అమ్మాయికి అంత గొంతుందని పదిహేనేళ్ళలో నాకు తెలీదు." లేవబోతూ, "కోతలైపోయినా మానిపించం లెండి. పిల్లలొత్తారు" అన్నారు.

తొమ్మిది మందీ హైస్కూలు చదువు పూర్తి చేశారు. శాఖకు పంపిన నివేదికలో నేను కరాటే నేర్పినట్టే రాశాను, ఎందుకంటే ఉత్తర్వులో ఉన్న మాట అదే. నాగేశ్‌ను మళ్ళీ కలవలేదు. ముక్కూమొహం తెలియని డ్రిల్ మాస్టరు కోసం అతను ఒక సాయంత్రం వలలు వదులుకున్నాడు. నా ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నాకు నేర్పిన అధికారులు చాలామంది ఉన్నారు. నాకు రానిదేదో మొహం మీద చెప్పి, వచ్చేదాన్ని చేతికిచ్చినవాడు అతనొక్కడే.

స్వల్పకాల శిక్షణకు వెళ్ళొచ్చే ఉద్యోగి మొదట చేయవలసిన పని, తనకు రానిదాన్నంతా పక్కన పెట్టడం. పెట్టాక మిగిలేది కొంచెమే. ఆ కొంచెం తను లేనిచోట కూడా పనిచేసేలా నేర్పితే, ఉద్యోగం చేసినట్టు.