ఏడో వరుసలోని గలాటా

నిన్న పొద్దున మా మెట్ల మీద ఖాళీ బిందె దొర్లిన చప్పుడైంది. బయటికి వచ్చి చూస్తే కింది వాటాలో ఉండే మునెమ్మ మోచేయి పట్టుకుని నిలబడి ఉంది. ఏమైందని అడిగాను. "ఏమీ లేదవ్వా, కొళాయి కాడ రవంత గలాటా" అన్నది. ఆ మాటతో తాలూకా కచేరీ ఎదుటి రేకుల పందిరి, అందులో నా టైపు మిషను, దాని పక్కన బల్ల మీద రంగప్ప మామ నా కళ్ల ముందుకు వచ్చారు.

రంగప్ప మామ అర్జీలు రాసేవారు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, మాది తమిళ జిల్లా కనక రాసేదంతా తమిళం. తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. 1983 జూన్‌లో, నా ఇరవై మూడో ఏట, ఆయన దగ్గర టైపు కొట్టే పనిలో చేరి ఆరేళ్ల నాలుగు నెలలు ఉన్నాను. మా వైపు గలాటా అనే మాట వినపడని పూట ఉండదు. పిల్లలు ఎగిరితే గలాటా, పెళ్లింట్లో వియ్యంకుణ్ణి ఆటపట్టిస్తే గలాటా, పెన్నాగరం బస్సులో సీటు కోసం తోసుకుంటే గలాటా, తల పగిలినా గలాటాయే. మామ కూడా నోటితో అనేవారు గానీ కాగితం మీదికి రానిచ్చేవారు కాదు. గలాటా అయిందని ఎవరైనా వస్తే నన్ను చూపించి నవ్వేవారు. "పెండ్లి గలాటానా, తల పగిలిన గలాటానా? తేల్చి చెప్పు నాయనా, సరోజ మిషను కాచుకోనుంది."

1985 మార్చిలో బంధువుల కర్మకాండకని మామ హొగేనక్కల్ వైపు వెళ్లి పన్నెండు రోజులు రాలేదు. మూడో రోజున పాపారపట్టి దగ్గరి పల్లె నుంచి కదిరమ్మ అనే కూలిమనిషి వచ్చింది. మోచేయి వాచి ఉంది. "బోరింగు కాడ గలాటా అయిపోయిందమ్మా. మా వీధికి నీళ్లు ఇప్పించమని రాయి" అన్నది. ఇంకేమీ అడగకుండా, అర్జీ కాగితం ఏడో వరుసలో గలాటా జరిగిందని, ఆమె చెప్పినట్లే కొట్టి ఇచ్చాను. అయిదు రోజులకు కచేరీ మనిషి వెళ్లి, రెండు పక్షాలూ గలాటా చేస్తున్నాయి కాబట్టి రాజీ కుదిరేదాకా ఎవరికీ నీళ్లు లేవని పంపు పిడి ఊడదీయించాడు. అవతలి పక్షం ఆసాములకు పొలంలో బావి ఉంది. కదిరమ్మ వీధివాళ్లకు నీళ్ల కోసం మైలున్నర నడక.

మామ తిరిగి వచ్చిన రోజే కదిరమ్మ పిడి పోయిందని చెప్పుకోడానికి మళ్లీ వచ్చింది. "ఆమె చెప్పిందే కొట్టినాను మామా" అన్నాను. ఆయన నా కార్బన్ కాపీ రెండుసార్లు చదివారు. "ఆమె భయంతో అనింది గలాటా అని. నువ్వు సోమరితనంతో కొట్టినావు" అన్నారు, గొంతు పెంచకుండానే. తర్వాత ఆమె వైపు తిరిగారు.

"ఎవరు తన్నినారు తల్లీ?"

"పేరు చెప్పితే రేపు పనికి ఎవరు పిలుస్తారు సామీ? వాళ్ల చేలల్లోనే కదా మా కూడు."

"పేర్లు వద్దులే. బిందెలు చెప్పు. వరసలో ఎన్ని ఉండె?"

పక్క టీ అంగడి నుంచి గ్లాసులు తెప్పించి ఆమె ముందు పెట్టారు. కదిరమ్మ అయిదింటిని వరుసగా నిలిపింది. "ఇది నాది, ఇది మా కోడలిది" అంటూ నాలుగింటిని ఒక్కొక్కటిగా పడుకోబెట్టింది. అయిదోది ముట్టుకోలేదు.

"ఇది ఏమిటికి నిలిచింది?"

"అది బావి ఉండే ఇంటిది సామీ."

ఆ రోజు నేను కొట్టిన అర్జీలో ఒక్క పేరూ లేదు. వరుసలో అయిదు బిందెలు, పడినవి నాలుగు, నిలిచింది ఒకటి, బావి ఉన్న ఇంటిది. వేరే నీళ్లు లేని ఇళ్లు ఇరవై రెండు, బావి ఉన్న ఇళ్లు మూడు. ఆ అర్జీ ఇచ్చిన తొమ్మిదో రోజున పిడి తిరిగి వచ్చింది. అంటే పంపుకు పిడి లేనిది మొత్తం పదమూడు రోజులు. పోను మైలున్నర, రాను మైలున్నర, రోజుకు రెండు నడకలు. కదిరమ్మ ఒక్కతే డెబ్బై ఎనిమిది మైళ్లు నడిచింది. ఆమె నన్ను ఒక్క మాటా అనలేదు. లెక్క మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

నిన్న మునెమ్మను మెట్టు మీద కూర్చోబెట్టి నేనూ పక్కన కూర్చున్నాను. "పేర్లు వద్దులేమ్మా. వరసలో ఎన్ని బిందెలు ఉండె?" అన్నాను. ఆమె మోచేతిని కొంగుతో కప్పుకుంది.  తర్వాత లెక్క మొదలుపెడుతూ ఒక వేలు మడిచింది.