అవ్వ తోడేసిన సీసా

ఆ రోజుల్లో పల్లె జనానికి సర్కారు రెండు రూపాల్లో కనిపించేది. శిస్తు అడగడానికి వచ్చేది ఒకటి, సలహా చెప్పడానికి వచ్చేది ఇంకొకటి. మొదటిదాన్ని చూసి భయపడేవారు, రెండోదాన్ని చూసి నవ్వుకునేవారు. నేను రెండో రకం. అరవైల మొదట్లో, మీసం సరిగ్గా రాకముందే, రైతులకు కొత్త సేద్యం నేర్పే గ్రామసేవక్ ఉద్యోగం వచ్చి, మా నకిరేకల్ వదిలి కొత్తకోట దగ్గర ఒక పల్లెలో దిగాను. శిక్షణలో విన్నదంతా ఇంకా పచ్చిపచ్చిగా ఉండడంతో, ఎవరు దొరికితే వాళ్ల మీద ఒలకబోసేవాణ్ని. (నా సైకిలు గంట వినగానే ఊరి కుక్కలు కూడా సందుల్లోకి తప్పుకునేవి.) గొర్లు, బర్లు ఉన్న ఒక ఇంట్లో ముందుగది కిరాయికి తీసుకున్నాను. ఆ ఇంటి పెద్దామెను ఊరంతా అవ్వ అనేవారు, నేనూ అవ్వ అనే పిలిచేవాణ్ని. కిరాయి గదికే అయినా, రెండుపూటలా అన్నం ఆమే పెట్టేది.

ఆ ఏడు మిరుగు, అంటే మృగశిర కార్తె వానలకు ముందు ఆఫీసువాళ్లు నా చేతిలో ఒక సీసా పెట్టారు. లోపల గాజులా మెరిసే గడ్డ జిగురు, దాని మీద పాలమీగడలాంటి తెల్లటి పొర. సముద్రపు నాచు ఉడకబెట్టి తీసే ఆ జిగురును అగర్ అంటారనీ, కల్చరు అనే ఆ పొరలో కంటికి కనిపించని జీవులు బతికే ఉన్నాయనీ, వాటిని చల్లటి బెల్లం నీళ్లలో కలిపి పల్లి విత్తనాలకు పట్టిస్తే వేళ్లకు బుడిపెలు కట్టి చేనుకు బలమిస్తాయనీ చెప్పారు. వానపడ్డ మర్నాడే పెద్ద అధికారి వచ్చి, ఊరి ముందర నేను ఆ పని చేసి చూపిస్తుంటే చూస్తారట. నా ఉద్యోగం అప్పటికింకా పక్కా కాలేదు. అది కావడమూ మానడమూ ఆ సీసాలోనే ఉందన్నమాట.

సాయంత్రం రైతులను పోగుచేసి సీసా ఎత్తి చూపించాను. అవ్వ దగ్గరికొచ్చి వంగి చూసి, "జున్ను తీర్గ ఉన్నదేంది బిడ్డా?" అంది. "జున్ను కాదవ్వా, గిండ్ల పానమున్న పురుగులున్నయి" అన్నాను. "గింత సీసల పురుగులు ఊరందరి చేన్లకు ఎట్ల సాల్తయి?" అని ఆమె అడిగింది. నిజానికి అది ఒక్క చేనుకే ఇచ్చిన సీసా. ఆ మాట చెబితే సరిపోయేది. కాని అంతమంది నా వైపే చూస్తుంటే నాలుక ఊరుకుంటుందా? "తోడు లెక్క అవ్వా! కుండెడు పాలకు జరంత తోడు సాలదా?" అన్నాను. జనం తలలూపారు. ఇంత చక్కగా చెప్పగలిగినందుకు నన్ను నేనే మెచ్చుకుంటూ, సీసాను తడి ఇసుక కుండలో దాచి పడుకున్నాను.

ఆ రాత్రే వాన పడనే పడింది. తెల్లవారి చూద్దును గదా, కుండలో సీసా ఖాళీగా ఉంది. జిగురు ఒలికిందేమోనని ఇసుకంతా కెలికి చూశాను. అవ్వ మాత్రం పెళ్లిపెద్దలా కళకళలాడుతూ పొయ్యి పక్కనున్న పెద్ద కుండ మూత తీసి చూపించింది. నిండా బర్రెపాలు, వాటి మీద తేలుతున్న జిగురు ముక్కలు. "ఊరందరికి సాలాలె గదా అని తోడేసిన బిడ్డా. గని ఇంక పేరుకోలె. నీ తోడు జర పాతదా ఏంది?" అంది.

నేను నోరు తెరిచేలోపే వాకిట్లో జీపు ఆగింది. దాని వెనకే విత్తనాల బుట్టలతో ఊరూ వచ్చింది. అధికారి కుండలోకి తొంగిచూసి, "ఏమిటయ్యా ఇది? కల్చరును పాలల్లో కలపమని ఎవరు చెప్పారు?" అన్నారు. అవ్వ గొప్పగా నన్ను చూపించబోయింది. ఆమె వేలు లేవకముందే నా నోరు లేచింది. "నేను చెప్పలేదు సార్! ఈ ముసలమ్మకు తెలివి లేదు సార్!"

నిన్న నా మాట విన్నవాళ్లంతా అక్కడే ఉన్నారు. వెనక ఎవరో దగ్గారు, అంతే. అవ్వ నావైపు ఒక్కసారి చూసింది. తర్వాత కొంగు సర్దుకుని, "అవు సారూ. పోరడు మంచిగనే చెప్పిండు. నాకే సమజ్ కాలె. వాన్నేమనకుండ్రి" అంది. అధికారి నవ్వేసి, ఇంకో సీసా పంపిస్తానని జీపెక్కారు. నా ఉద్యోగం పక్కా అయింది.

ఆ పూట కంచం ముందు తలెత్తలేకపోయాను. ఆమె ఎప్పటిలాగే గడ్డపెరుగు వేసి, "తిను బిడ్డా. నౌకరి పోతే మల్ల దొరకదు. ముసల్దాన్ని, నా ఇజ్జత్‌కేమైతది?" అంది. నన్ను తిట్టి ఉంటే ఆ ముద్ద గొంతు దిగేది.

పాలు పారబోయడం ఆమెకు ప్రాణం పోయినంత పని కాబట్టి, విత్తనాలను వాటిలోనే తడిపి తన చేన్లో విత్తించింది. పల్లి పీకేనాడు వేళ్ల నిండా బుడిపెలే! "సూసినవా, తోడుకున్నది!" అని ఒక మొక్క పట్టుకుని ఊరంతా తిరిగింది. (పక్కచేన్లలోనూ అవే బుడిపెలున్నాయి. పల్లి ఎప్పుడూ వేసే నేలలో ఆ జీవులు ఎలాగూ ఉంటాయట. ఆ సంగతి చెప్పేంత పాపం నేను చేయలేదు.) అప్పుడు నేను ధైర్యం తెచ్చుకుని అందరి ముందూ, "తోడని చెప్పింది నేనే. అవ్వ తప్పేం లేదు" అన్నాను. ఒక ముసలి రైతు చుట్ట తీసి, "గా ముచ్చట జీపున్నప్పుడు జెప్తే మంచిగుండు సారూ" అన్నాడు. ఊరంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది అవ్వే.

నాకు బదిలీ అయినప్పుడు ఆమె ఒక చిన్న ముంతలో పెరుగు పెట్టి, గుడ్డ కట్టి చేతికిచ్చింది. "కొత్త జాగల తోడెవరిస్తరు బిడ్డా" అంది. ఆ తోడు ఈనాటికీ మా ఇంట్లో నడుస్తోందని చెప్పుకోవాలని నాకెంతో ఆశ. కాని అది మరుసటి ఎండాకాలానికే పులిసిపోయింది. బస్సులో మాత్రం ఆ ముంత ఒలకకుండా దారి పొడుగునా ఒళ్లోనే పట్టుకు కూర్చున్నాను. పక్కనున్నాయన "ఏముంది బాబూ అందులో?" అని అడిగితే, ఉన్న ఊళ్లో ఎన్నో ఉపన్యాసాలిచ్చినవాణ్ని, "తోడు" అని ఒక్క మాట చెప్పి ముంతను ఇంకొంచెం దగ్గరికి తీసుకున్నాను.