మరమనిషికి వడ్డన నేర్పిన నెల

నేను రిటైర్ కావడానికి రెండేళ్ళ ముందు, ఎండాకాలం మొదట్లో, తిరుపతిలోని మా కంపెనీ గెస్ట్‌హౌసుకు ఒక టీవీ సీరియల్ వాళ్ళు వచ్చారు. నేను అక్కడ బట్లర్ని. బట్లర్ అంటే వంటవాడని చాలామంది అనుకుంటారు. కాదు. వంట, వడ్డన, పడకలు, గదుల తాళాలు, అన్నిటికీ జవాబుదారీ బట్లరే. నా కింద ఒక వంటమనిషి, వడ్డించే ఇద్దరు బేరర్లు, అంట్లు తోమే మసాల్చి ఉండేవారు. నా పైన మేనేజరు. ఆ మేనేజరు నెల రోజుల పాటు నన్ను సీరియల్ పనికి వేశాడు. టిఫిన్లు అయినప్పటి నుంచి భోజనాల వేళ దాకా యాక్టర్లకు బట్లర్ పని నేర్పాలి.

సీరియల్ కథ రాసి తీస్తున్నది జ్యోతి అనే అమ్మాయి. శ్రీకాళహస్తి పిల్ల. హైదరాబాదులో ఏడేళ్ళు ఒక డైరెక్టరు కింద పనిచేసి, మొదటిసారి సొంతంగా పని మొదలుపెట్టింది. ఆమె కథలో ఒక పెద్ద ఇల్లు, అందులో ప్రతిదానికీ వంక పెట్టే ముసలి బట్లరు. యజమాని ఒక మరమనిషిని కొనుక్కొస్తాడు. వారం వారం ఆ ఇద్దరికీ తగువు. జనం నవ్వాలి. ఛానెల్ వాళ్ళు కథ విని సగం ఒప్పుకున్నారు, ఒక సీను తమ కళ్ళ ముందు తీసి చూపిస్తే మిగతా సగం సంగతి చెబుతామన్నారు. వాళ్ళు వద్దంటే మళ్ళీ ఆ పాత డైరెక్టరు గుమ్మంలోనే నిలబడాలని జ్యోతి మొదటి రోజే నాతో చెప్పింది. దాచకుండా చెప్పినందుకు నాకు ఆ పిల్ల నచ్చింది.

చదువుకోమని కథ కాగితాలు ఇచ్చింది. నేను అక్షరాలు నేర్చుకున్నది నలభై దాటాక. అప్పటి మేనేజరు గారి భార్య పలక చేతికిచ్చి నేర్పించింది. నలభై పేజీలకు నాలుగు రోజులు పట్టింది. మెల్లగా చదివేవాడు ఏదీ వదిలిపెట్టడు. ఐదో రోజు జ్యోతిని అడిగాను.

"ఈ బట్లరు అతిథి ముందరే మరమనిషిని తిడతా ఉండాడే. అట్ల ఏ బట్లరూ తిట్టడు పాపా."

"తిట్టకపోతే నవ్వు యాడినించి వస్తుంది పెద్దాయనా? అదే కదా కథ."

"సరే, నీ కథ నీ ఇష్టం" అన్నాను. అన్నానే గానీ మనసులో నుంచి తీసేయలేదు. మా పనిలో అది మొదటి నియమం. అతిథి ముందు తప్పు జరిగితే చప్పుడు కాకుండా సరిదిద్దాలి. తిట్టాలంటే పాంట్రీలోకి తీసుకుపోయి తిట్టాలి. పాంట్రీ అంటే వంటగదికీ భోజనాల గదికీ మధ్య గిన్నెలూ గ్లాసులూ పెట్టుకునే చిన్న గది. తినేవాడి ముందు కేకలేస్తే, తన వల్లే గొడవ అయిందనుకుని అతను సగం అన్నంతో లేస్తాడు. నేను కళ్ళారా చూశాను.

బట్లర్ వేషం మునిరత్నానిది. నగరిలో పవర్‌లూమ్ నడిపే మనిషి. ద్రౌపది గుడి దగ్గర భారతం నాటకాలు జరిగినప్పుడు ధర్మరాజు వేషం కట్టేవాడు. మైకు లేకుండా ఊరి చివరి దాకా వినిపించే గొంతు. మరమనిషి లోపల ఉండేది దొరస్వామి, ఆ మేళంలోనే భీముడు. చెన్నైలో చేయించిన ఫైబర్ డబ్బా తొడుక్కుని, ఛాతీ దగ్గర పెట్టిన జల్లెడలో నుంచి చూస్తూ నడవాలి.

నేను పని మొదటి నుంచీ నేర్పాను. ట్రే ఎడమ అరచేతి మీద నిలవాలి. గ్లాసు అడుగు పట్టుకోవాలి, అంచు తాకరాదు. అరిటాకు కొస తినేవాడి ఎడమ చేతి వైపు ఉండాలి. నీళ్ళు కుడి పక్క నుంచి పోయాలి. మగ్గం మీద తెగిన పోగు పట్టుకునే చేతులు కదా, మునిరత్నానికి పని తొందరగా పట్టుబడింది. పది రోజులకు, మా బేరర్లలో ఒకణ్ణి ఇచ్చేసి ఇతన్ని తీసుకుందామా అనిపించింది.

ఒక్క గొంతు దగ్గరే చిక్కు. దొరస్వామి ఏదైనా తప్పు చేస్తే చాలు, రంగస్థలం మీద ఉన్నట్టు అరిచేవాడు. నేను వెంటనే ఆపి, ఇద్దరినీ పాంట్రీలోకి పంపేవాణ్ణి. మూడో వారానికి నేను చెప్పకుండానే పోవడం అలవాటైంది. దొరస్వామి డబ్బా లోపలి నుంచి గొణిగేవాడు. "అన్న నన్ను తిట్టాలంటే ముందు నన్ను ఆ రూములోకి నడిపించల్లబ్బా. ఈ డబ్బాతో నేను ఆడికి పొయ్యేలోపల తిట్లు సల్లారిపోతాయి."

జ్యోతి విని నవ్వింది. "సీను రోజు మాత్రం కాగితంలో ఉండేది ఉన్నట్టు చేసేయండన్నా" అంది. మునిరత్నం తల ఊపాడు.

ఛానెల్ ఆఫీసరు హైదరాబాదు నుంచి వచ్చాడు. మధ్యాహ్నం కొండ మీద దర్శనం ఉందని, పన్నెండింటికల్లా బయలుదేరాలని ముందే చెప్పాడు. అతిథి వేషానికి జ్యోతి నన్నే కూర్చోబెట్టింది. సీను చిన్నది. మరమనిషి ఆకును తిరగేసి, కొస కుడివైపుకు వేస్తాడు. మా పక్క అది చావింటి లెక్క. బట్లరు గుండె బాదుకుని, అతిథి ముందే మరమనిషిని ఒక పేజీడు తిట్లు తిట్టాలి.

దొరస్వామి వచ్చి ఆకును సరిగ్గా వేశాడు. ఆపారు. రెండోసారీ సరిగ్గానే వేశాడు. జ్యోతి అతని దగ్గరికి వెళ్ళి, ఎందుకు తిరగేయడం లేదని అడిగింది.

"చేతులు రావడం లేదు మేడం. పెద్దాయన బతికుండంగానే అట్లెట్ల యేసేది?"

"నువ్వు మరమనిషివి దొరస్వామీ. యంత్రానికి అవన్నీ ఉండవు."

"యంత్రానికి లేదు మేడం. లోపల ఉండే నాకుండాది."

ఆఫీసరు నవ్వాడు. ఆ పొద్దు ఆయన నవ్వింది అప్పుడొక్కసారే.

"యెయ్ సామీ. ఆకు తిరగబడితే సచ్చేవాణ్ణయితే ఎప్పుడో సచ్చుండాలి" అన్నాను. మూడోసారి కళ్ళు మూసుకుని వేశాడేమో, ఆకు తిరగబడింది.

ఇక మునిరత్నం అరవాలి. అతను నా ఎడమ పక్కకు వచ్చాడు. రెండు వేళ్ళతో ఆకును తిప్పాడు. నీళ్ళు చిలకరించి తుడిచాడు. నాకు తల వంచి, రెండడుగులు వెనక్కి వేసి, మరమనిషిని మోచేయి పట్టుకుని పాంట్రీలోకి నడిపించుకుపోయి తలుపు వేశాడు. లోపల కెమెరా లేదు, మైకు లేదు. తిట్లు మాత్రం సన్నగా వినిపించాయి.

నిజం చెప్పాలంటే ఆ క్షణం నాకు గర్వంగానే అనిపించింది. ముప్పై ఏళ్ళలో అంత శుభ్రంగా చేసిన బేరరును నేను చూడలేదు. తర్వాత జ్యోతి ముఖం చూశాను.

మళ్ళీ తీశారు. అరవబోయిన ప్రతిసారీ మునిరత్నం నా వైపు చూసేవాడు, గొంతు దిగిపోయేది. అతనికి అడ్డం నేనేనని నాకు అర్థమయ్యేసరికి ఆలస్యమైంది. లేచి, వాచ్‌మన్‌ను నా చోట కూర్చోమన్నాను. అప్పటికే ఆఫీసరు చెప్పులు వేసుకుంటున్నాడు. పన్నెండు దాటింది.

రెండు వారాలకు జవాబు వచ్చింది. ఇద్దరూ మర్యాదస్తుల్లా ఉన్నారు, తగువు ఎక్కడా కనపడలేదు, వద్దు అని. ఆ మాట చెప్పడానికి జ్యోతి గెస్ట్‌హౌసుకు వచ్చింది.

"మీరు తప్పేం నేర్పలేదులే పెద్దాయనా" అంది.

"తప్పే పాపా. నీకు కావలసిన బట్లరును వదిలేసి, నాకు కావలసినోణ్ణి తయారు చేసినాను. నీకు ఎట్లాంటోడు కావాలో ఆ కాగితాలు చదివిన రోజే నాకు తెలుసు."

ఆమె కాదనలేదు. కాఫీ తాగి, మర్నాటి రైలుకు హైదరాబాదు వెళ్ళిపోయింది. మునిరత్నాన్ని మా దగ్గర బేరరుగా చేరమని అడిగాను. "మగ్గం కాడ యెవుర్ని తిట్టాలన్నా ఆడనే తిట్టొచ్చు పెద్దాయనా" అని నగరికి పోయాడు.

ఎవరైనా పని నేర్పమంటే, దేనికని ముందు అడగాలి. మనకు వచ్చినదంతా ఎదుటివాడి చేతుల్లో పోసేస్తే, వాడి పని చెడవచ్చు. ఇది తెలుసుకోవడానికి నాకు ముప్పై ఏళ్ళ సర్వీసు చాలలేదు, జ్యోతి సీరియల్ పోవలసి వచ్చింది. ఆ తర్వాతి రెండేళ్ళలో ముగ్గురికి పని నేర్పాను. మొదటి రోజే ముగ్గురినీ అడిగాను, నేర్చుకుని యాడికి పోతారని. ఒకడు పెళ్ళిళ్ళ వంటల కాంట్రాక్టులోకి అన్నాడు. వెయ్యి మంది పంక్తిలో కేక వేయకపోతే సాంబారు రెండో వరసకు రాదు. అతనికి ఆకు, ట్రే, గ్లాసు నేర్పి పంపించాను. పాంట్రీ నియమం చెప్పలేదు.