కారు దిగని యాత్ర

ముప్పాళ్ళ ఊరి బాలశౌరికి లోకంలో ఏదీ కంటికి ఆనేది కాదు. సత్తెనపల్లిలో కొత్త సినిమాహాలు కడితే, “పొగాకు కాల్చే బ్యారనీ కొట్టం ఇంతకంటే బాగుంటది,” అన్నాడు. పెళ్లిచూపుల్లో కృపమ్మను చూసి “పర్లేదు” అన్నాడట. ఆయన నోట వచ్చిన పెద్ద మెచ్చుకోలు అదేనని ఆమే చెప్పేది. యుద్ధంలో మిలిటరీ లారీ తోలుతూ మూడేళ్లు ఈజిప్టు ఎడారిలో తిరిగొచ్చాడు. అంత ఇసుక చూసినవాడికి పల్నాడు ఏం ఆనుతుంది?

ఆ చిన్నచూపు ఎక్కువగా యజమాని మీదే ఉండేది. చెన్నకేశవరావు గారు నరసరావుపేటలో పెద్ద ఆసామి. బాలశౌరి ఆయన కారు డ్రైవరు. ఈ ఒక్క విషయంలో నేను బాలశౌరిని తప్పు పట్టను. అప్పట్లో నేను ఊళ్లో గ్రంథాలయం చూసేవాణ్ణి. చెన్నకేశవరావు గారు మా దగ్గర పుస్తకం తీసుకెళ్లి, అంటుకున్న పేజీలైనా విడదీయకుండా తిరిగి పంపి, దాని మీద ఉపన్యాసం ఇచ్చే రకం.

1958 మాఘమాసంలో ఆయన బంధువు ఒకాయన కాశ్మీరు చూసొచ్చి, సభలో మాట్లాడి దండ వేయించుకున్నాడు. ఈయన తట్టుకోలేకపోయాడు. తాను అడవులు, ఎడారులు, లోయలు చూసొస్తానని నలుగురిలో ప్రకటించాడు. గుంటూరు నుంచి టోపీ, నల్లకళ్లద్దాలు, దుర్భిణి తెప్పించాడు. భార్య వీరరాఘవమ్మ గారు పులిహోర, చేగోడీలు బుట్టలో సర్దుకుని వెనకసీట్లో కూర్చుంది.

వినుకొండ, మార్కాపురం, గిద్దలూరు దాటి నల్లమల ఘాటెక్కారు. పులులుంటాయని ఆయన అద్దాలన్నీ బిగించి, దారి పొడుగునా హారన్ కొట్టించాడు. ఆ మోతకు పులి కాదు గదా, పిట్ట కూడా కనపడలేదు. ‘అడవిలో చూడదగినది ఏమీ లేదు’ అని నోటుపుస్తకంలో రాసుకున్నాడు.

రెండో రోజు జమ్మలమడుగు దగ్గర పడేసరికి నేల బోడిగా, ఎర్రగా మారింది.

“ఏరా, ఎడారంటే ఇట్టాగే ఉంటదా?” అని అడిగాడు.

“ఇక్కడ మేకలు మేస్తన్నయ్యండి,” అన్నాడు బాలశౌరి.

గండికోట గుమ్మం దగ్గర కారాగింది. మిట్టమధ్యాహ్నం. లోయ కోటకు అవతలి పక్కనుంది, రాళ్ల మీద నడిచి పోవాలి. చెన్నకేశవరావు గారు దిగలేదు.

“నువ్వెళ్లి చూసిరా. ఎట్టా ఉందో చెబితే రాసుకుంటా,” అన్నాడు బాలశౌరితో.

వీరరాఘవమ్మ గారు తలుపు తీసుకుని దిగింది. “నేనూ పోతన్నా.”

“ఎండలో నీకేం పనే?”

ఆమె కొంగు నెత్తిన వేసుకుని నడిచింది.

ఏదో గొయ్యి చూడబోతున్నాననుకునే బాలశౌరి వెళ్లాడు. చివరి బండ ఎక్కేసరికి కాళ్ల ముందు నేల లేదు. ఎర్రరాళ్లు పేర్చినట్టు వరసలు వరసలుగా కిందికి దిగిపోయి, అట్టడుగున పెన్న పచ్చగా, సన్నగా, కదలకుండా ఉంది. లోయలో గద్దలు తిరుగుతుంటే వాటి వీపులు కనపడుతున్నాయి. గద్దను పైనుంచి చూడటం ఆయనకదే మొదలు.

“నువ్వు చూసిన ఎడారిలో ఇట్టాంటిది ఉందా, బాలశౌరీ?”

“లేదమ్మగారూ.”

చాలాసేపు చెరో బండ మీద కూర్చున్నారు.

తిరిగొచ్చేసరికి చెన్నకేశవరావు గారు పులిహోర ఖాళీ చేసి, పెన్సిలు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. “ఎంత లోతుంది?”

“తెలవదండి.”

“పోనీ, ఎట్టా ఉంది?”

“చెబితే తెలిసేది కాదండి. చూడాల.”

“దీనికేనా వెధవా నిన్ను పంపింది,” అని తనకు తోచింది రాసుకున్నాడు.

తర్వాతి ఆదివారం మా గ్రంథాలయంలో సభ. గంటసేపు మాట్లాడాడు. చెట్ల వేర్లు పట్టుకుని లోయలోకి దిగానన్నాడు, పెన్న నీళ్లు దోసిలితో తాగానన్నాడు. అక్కడితో ఆగినా సరిపోయేది.

“మా డ్రైవరు మిలిటరీలో చేశాడు, పేరుకే. అంచు దగ్గర కాళ్లు వణికి కూలబడ్డాడు. ఏరా, అవునా కాదా?” అని గుమ్మం వైపు చూసి నవ్వాడు.

బాలశౌరి గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. “తమరు కారే దిగలేదండి,” అన్నాడు.

అప్పుడు ఆడవాళ్ల బెంచీ మీదనుంచి వీరరాఘవమ్మ గారు లేచింది. “నిజమే. ఆయన దిగలేదు. మేమే పోయి చూశాం,” అంది.

కూర్చుంటుందనుకున్నాం. కూర్చోలేదు. ఆ రాళ్ల వరసలు, ఆ నీళ్ల రంగు, ఆ గద్దల వీపులు, అన్నీ ఐదు నిమిషాల్లో చెప్పింది. ఆ గదిలో అంతకు ముందుగానీ తర్వాతగానీ అంత మంచి ఉపన్యాసం నేను వినలేదు. దండ మాత్రం చెన్నకేశవరావు గారికే వేశారు, ముందే తెచ్చి పెట్టారు గదా. ఆయన మెడ వంచి వేయించుకున్నాడు కూడా.

మర్నాడు బాలశౌరి ఉద్యోగం పోయింది. చెన్నకేశవరావు గారు కొన్నాళ్లు భార్యతో మాట్లాడలేదట. ఆమెకది శిక్షలా తోచలేదని వాళ్లింట్లో వంట చేసే ధనమ్మ చెప్పింది.

బాలశౌరి మాచర్ల వెళ్లి, సాగరు డ్యాముకు రాళ్లు తోలే లారీలో కుదిరాడు. అక్కడ ఎనిమిదేళ్లు చేశాడు. ఊళ్లకు ఊళ్లు వచ్చి నోరు తెరుచుకుని చూసే ఆ కట్టడాన్ని ‘పొడుగాటి గోడ’ అనేవాడు. ఇంజనీర్లనూ మాచర్ల టీనీ ఒకే మాటతో తీసిపారేసేవాడు. గండికోట గురించి అడిగితే మాత్రం పెదవి విప్పేవాడు కాదు.

1964లో నాలుగు బస్సులు మారి కృపమ్మను గండికోటకు తీసుకెళ్లాడు. ఆమె అంచున నిలబడి చూసి, “బాగుంది గానీ, నీళ్లు చానా తక్కువ,” అంది. ముప్పాళ్ళ చేరేదాకా ఆయన ఆమెతో మాట్లాడలేదు.

“అంత దూరం తీసుకుపోయి ఎండలో నిలబెట్టాడు,” అని ఆమె నా దగ్గర నవ్వింది. “ఏం అనాలో ముందే చెబితే అదే అనేదాన్ని గదా, అన్నయ్యా.”